మానోమెట్రీ చేయకుండా ఫండోప్లికేషన్‌కు ఒప్పుకోవద్దు

పులితేన్పులు, ఛాతీలో మంట తగ్గక ఏళ్ల తరబడి ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్రలు వేసుకున్న మా బంధువు ఒకాయన, ఆమ్లం పైకి రాకుండా చేసే ఫండోప్లికేషన్ ఆపరేషన్‌ను ఈమధ్య లాప్రోస్కోపీ ద్వారా చేయించుకున్నారు. మంట తగ్గకపోగా, ఇప్పుడు మంచినీళ్లు దిగడమే కష్టమైంది. మరోచోట పరీక్షిస్తే, ఆయనకు మొదటినుంచీ ఉన్నది అన్నవాహిక ఆహారాన్ని కిందికి నెట్టలేని, దాని కింది కవాటం తెరుచుకోని అకలేషియా అని తేలింది. ఆపరేషన్‌కు ముందు ఆయనకు అన్నవాహికలోని ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్ష చేయలేదు.

ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివరన చుట్టి కుట్టి, వదులైన కవాటాన్ని బిగువు చేస్తారు. రుడాల్ఫ్ నిస్సెన్ 1956లో ప్రకటించిన పద్ధతిలో ఈ చుట్టు 360 డిగ్రీలు, టూపే పద్ధతిలో 270 డిగ్రీలు ఉంటుంది. అన్నవాహికకు నెట్టే బలం ఉంటేనే ముద్ద ఆ బిగువును దాటుతుంది. అకలేషియాలోనూ తిన్నది గొంతులోకి తిరిగి వస్తుంది, మంట కూడా ఉండవచ్చు కనుక లక్షణాలను బట్టి తేల్చలేము; తొలిదశలో ఎండోస్కోపీకీ చిక్కకపోవచ్చు. ముక్కు ద్వారా సన్నని గొట్టం పంపి, గుటక గుటకకూ ఒత్తిడిని కొలిచే మానోమెట్రీయే దాన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపుతుంది. పరీక్ష ఇబ్బందిగానే ఉంటుంది, అయినా దానికి జంకి మానుకోవద్దు.

ఎండోస్కోపీలో తీవ్రమైన పుండ్లు కనిపించనివారికి అన్నవాహికలోకి ఆమ్లం ఎంతసేపు వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష కూడా అవసరం. వైద్యుని సలహాతో మాత్రలను సాధారణంగా వారం ముందు ఆపి దీన్ని చేయించుకోవాలి. అన్నవాహికలో ఆమ్లం ఉన్న సమయం మొత్తం పరీక్ష సమయంలో 6 శాతం దాటితే ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు ఖాయం, 4 శాతం లోపైతే కారణం వేరే ఉందేమో వెతకాలి. మాత్రలతో ఏమాత్రం ఉపశమనం లేనివారు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే మాత్రలకు లొంగిన మంటే ఆపరేషన్‌కూ బాగా లొంగుతుంది.

మానోమెట్రీ నివేదిక చేతిలో లేకుండా తేదీ ఖరారు చేసుకోవద్దు. "ఎండోస్కోపీ చాలు" అంటే రెండో అభిప్రాయం తీసుకోండి. ఛాతీనొప్పి ఉంటే ముందుగా గుండె పరీక్ష చేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. ఊబకాయం ఉన్నవారు జీర్ణాశయాన్ని చిన్నది చేసి బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ మేలేమో అడగండి. ఆపరేషన్ తర్వాత గంజి, పల్చని జావతో మొదలుపెట్టి, వైద్యుడు చెప్పేవరకు మాంసం, చపాతీ, బ్రెడ్ ముట్టవద్దు, వాపు తగ్గకముందే తింటే ముద్ద ఇరుక్కుంటుంది. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు, తేన్పు రాక కడుపు ఉబ్బుతుంది. బరువులు ఎత్తవద్దు. మాత్రలను అడగకుండా నలిపి మింగవద్దు. వికారం మొదలైన వెంటనే నర్సుకు చెప్పండి, తొలిరోజుల్లో గట్టిగా వాంతి చేసుకుంటే కుట్టిన చుట్టు జారిపోవచ్చు. జ్వరం, ఆయాసం, తీవ్రమైన ఛాతీనొప్పి వచ్చినా, ఉమ్మి కూడా దిగకపోయినా తెల్లవారేవరకు ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.