13 నుంచి 16 ఏళ్ల మగపిల్లలకి కామెడీ సినిమా పెట్టాలంటే

ఎండాకాలం సెలవులొస్తే మా ఇంట్లో నలుగురు కుర్రాళ్లు దిగుతారు. మావాడు, అక్క కొడుకులిద్దరు, పక్క వీధిలో ఉండే వాళ్ల ఫ్రెండు. చిన్నోడికి 13, పెద్దోడికి 16. ఆ ఎండలో బయటికి పంపలేం, కూలర్ ముందు చాప పరిచి కూర్చోబెడితే పది నిమిషాల్లో "మావయ్యా, ఏదన్నా కామెడీ పెట్టు" అని మొదలుపెడతారు. ఓసారి నేను కూడా పెద్ద హిట్టు కదా, కామెడీయే కదా అని ఒకటి పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి టీవీలో డబుల్ మీనింగ్ డైలాగులు, కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వు ఆపుకుంటున్నారు, పక్కనే మల్లెపూలు కడుతున్న మా అమ్మ "ఏవిట్రా వాడంటున్నది?" అని అడుగుతోంది. రిమోటేమో దొరకదు.

అందుకని ముందు మీరు చూడండి. రెండున్నర గంటలూ కూర్చోనక్కర్లేదు. మన సినిమాల కామెడీ ట్రాకులు యూట్యూబ్‌లో బిట్లు బిట్లుగా దొరుకుతాయి, రెండు మూడు చూస్తే సినిమా వాటం తెలిసిపోతుంది.

సర్టిఫికెట్ కూడా చూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి. 'ఏ' అంటే 18 నిండనివాళ్లకి థియేటర్లోకి ప్రవేశం లేదు, అది అందరికీ తెలిసిందే. యూఏని మాత్రం 2023లో చట్టం సవరించి 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు, కాబట్టి కొత్త సినిమాలకి ఆ అంకె కొంత పనికొస్తుంది. అయితే అది తల్లిదండ్రులకి చెప్పే సలహా మాత్రమే. వెబ్ సిరీస్‌లకైతే ఆ ఓటీటీ వాళ్లే రేటింగ్ ఇచ్చుకుంటారు.

నేను అసలు చూసేది వేరే. 14 ఏళ్ల వాడు సినిమా చూసి ఊరుకోడు, అందులో డైలాగు పట్టుకెళ్లి మర్నాడు ఎవడో ఒకడి మీద వాడతాడు. ఎవడి మీద వాడతాడు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలా సినిమాలు వాటంతటవే పక్కకి పోతాయి. లావుగా ఉన్నవాణ్ణి, నత్తిగా మాట్లాడేవాణ్ణి, నల్లగా ఉన్న అమ్మాయిని నిలబెట్టి నవ్వించే ట్రాకులు మనకి కొల్లలు. హీరో కమెడియన్ చెంప వాయిస్తుంటే నవ్వాలి, అమ్మాయి వద్దంటున్నా వెంటపడుతుంటే అదీ కామెడీయే అనుకోవాలి. ఒక్క బూతు ముక్క లేకుండా కూడా ఇవన్నీ జరిగిపోతాయి, నాకు డబుల్ మీనింగ్ కన్నా ఇదే ఎక్కువ టెన్షన్. ఎందుకంటే ఆ డైలాగు తగిలేది వాళ్ల క్లాసులో ఉన్న ఏ బొద్దు కుర్రాడికో.

అదే 'మర్యాద రామన్న' (2010) తీసుకోండి. సునీల్ ఆ ఇంట్లో ఉన్నంతసేపే ప్రాణాలతో ఉంటాడు, గడప దాటితే నరుకుతారు, దాంతో బయటికి పోకుండా ఉండటానికి వాడు పడే తంటాలే కామెడీ. నవ్వంతా భయపడేవాడి అవస్థ నుంచి వస్తుంది, ఎవడి ఒంటి రంగు నుంచీ కాదు. కత్తులూ ఫ్యాక్షనూ ఉన్నాయి గానీ 13 ఏళ్ల వాడికి ఇబ్బంది లేదు. 'జాతి రత్నాలు' (2021) కూడా అంతే, ముగ్గురు తింగరోళ్లు తమ నోటితో తామే ఇరుక్కుంటారు, ఆ కోర్టు సీన్ అయ్యాక మావాళ్లు వారం రోజులు ఒకరినొకరు లాయర్లలా ప్రశ్నలేసుకున్నారు.

పాత సినిమాలంటే మాత్రం తొందరపడకండి. "మా కాలంలో జంధ్యాల..." అని మొదలుపెట్టారంటే పిల్లలు ఫోన్లలోకి పోతారు. వాళ్లకి బ్రహ్మానందం ముందు మీమ్‌లో పరిచయం, తర్వాతే సినిమాలో, కాబట్టి ఆ దారినే వెళ్లండి. "ఈ మొహం ఏ సినిమాలోదో తెలుసా?" అని అడిగి 'అహ నా పెళ్ళంట' (1987) నుంచి ఒక్క సీన్ వేయండి. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు చూడండి, అది. నవ్వితే మొత్తం పెట్టండి, నవ్వకపోతే ఇంకో ఏడాది ఆగండి. 'చంటబ్బాయ్' (1986) అయితే పత్రిక ఎడిటర్ ప్రాణాలు తోడేసే శ్రీలక్ష్మితో మొదలుపెట్టొచ్చు.

మాటలే లేని 'పుష్పక విమానం' (1987) మీద నాకు అనుమానం ఉండేది. ఈ రీల్స్ కాలం పిల్లలు కూర్చుంటారా అని. మొదటి అరగంట అటూ ఇటూ కదిలారు. కమల్ హాసన్ తను బంధించిన పెద్దమనిషి మలాన్ని గిఫ్ట్ ప్యాకెట్లలా చుట్టి వదిలించుకునే దగ్గరికి వచ్చేసరికి ఇల్లు ఎగిరిపోయింది. ఆ వయసు మగపిల్లల్ని నవ్వించడానికి అంతకంటే ఏం కావాలి!

మంచి సినిమాలే అయినా వయసు చూసి ఆపాల్సినవి ఉంటాయి. 'లేడీస్ టైలర్' (1986) నాకు ప్రాణం, కానీ కథంతా తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం వెతుకులాటే, దాన్ని 13 ఏళ్ల వాడి పక్కన కూర్చుని చూడలేను. 'ఈ నగరానికి ఏమైంది' (2018) నలుగురు దోస్తుల మధ్య మందు చుట్టూ తిరుగుతుంది, 16 దాటినవాడితో అయితే కలిసి చూసి మాట్లాడుకోవచ్చు.

ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో ఓ ఇబ్బంది సీన్ వస్తుంది. అప్పుడు రిమోట్ మీద పడిపోకండి, ఆ సీన్ మళ్లీ వెతుక్కుని చూడమని మీరే చెప్పినట్టవుతుంది. "ఇదేం కామెడీరా బాబూ" అని ఓ మాట అనేసి ఊరుకోండి, క్లాసు పీకకండి. ఇంకోటి, సినిమా మీరొక్కరే నిర్ణయించకండి. మూడు ఏరిపెట్టి ఎంచుకోమంటే గొడవ తగ్గుతుంది. వారానికోసారి పూర్తిగా వాళ్లిష్టం, కాకపోతే నేనూ పక్కన కూర్చుంటానని షరతు. మా పెద్దోడు మొన్న తన వంతు వచ్చినప్పుడు ఒకటి పెట్టి, ఇరవై నిమిషాలయ్యాక వాడే ఆపేసి "వద్దులే మావయ్యా, అమ్మమ్మ ఉంది" అన్నాడు.