డేటా ఆదా చేసే బ్రౌజరులో పాస్‌వర్డు కొట్టే ముందు

ఫోను బ్రౌజరులో డేటా సేవర్ (పేజీలను కుదించి డేటా ఆదా చేసే సదుపాయం) ఆన్‌లో ఉండగానే బ్యాంకు ఖాతా తెరవబోతున్నారా? వైద్య పరీక్షల నివేదికలు, గుర్తింపు పత్రాలు ఎక్కించబోతున్నారా? అయితే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఈ పేజీని విప్పి చదవగలిగేవారు ఎంతమంది? మీరు, ఆ వెబ్‌సైటు, ఇద్దరే ఉండాలి. మూడోవారు ఉంటే వారెవరో తెలియకుండా పాస్‌వర్డు కొట్టకండి.

బ్రౌజరులో సైటు చిరునామా పక్కన తాళం గుర్తు కనిపిస్తోంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. నా బెంగంతా అక్కడే. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే రహస్య సంకేతాలుగా మారిన సమాచారం అర్థం పర్థం లేని అంకెల గుంపులా ఉంటుంది, దాన్ని కుదించడం సాధ్యం కాదు. పేజీని చిన్నది చేసి పంపాలంటే మధ్యలోని ప్రాక్సీ సర్వర్ (మీ తరఫున సైటు నుంచి పేజీ తెచ్చి ఇచ్చే బ్రౌజరు కంపెనీ కంప్యూటర్) దాన్ని విప్పక తప్పదు. అంటే ఫోను నుంచి ప్రాక్సీ దాకా ఒక ఎన్‌క్రిప్షన్, ప్రాక్సీ నుంచి సైటు దాకా మరొకటి. ఆ రెండూ గట్టివే కావచ్చు. కానీ అవి కలిసే చోట మీ పాస్‌వర్డు, ఖాతా నిల్వ, ఓటీపీ అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి.

ఇది ఊహ కాదు. ఒపెరా మినీలో పేజీని సర్వర్‌లోనే సిద్ధం చేసి ఫోనుకు పంపే పద్ధతి వాడితే, ఫోనుకూ సైటుకూ మధ్య ఆసాంతం ఎన్‌క్రిప్షన్ ఉండదని ఆ సంస్థే చెప్పింది. 2013లో నోకియా ఎక్స్‌ప్రెస్ బ్రౌజరు హెచ్‌టీటీపీఎస్ (సైటుతో సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) రాకపోకలను తన సర్వర్లలో విప్పుతోందని ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. తాత్కాలికంగా విప్పుతున్న మాట నిజమేననీ, లోపలి సమాచారాన్ని ఎవరూ చూడరనీ నోకియా బదులిచ్చింది. వారి మాట నమ్మినా, చూడగలిగే వీలు ఉండటమే నా దృష్టిలో అభ్యంతరం.

పరీక్షించడం సులువే. మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), అది ఏ దేశానిది, ఏ కంపెనీది అన్నది చూపించే ఏదైనా హెచ్‌టీటీపీఎస్ పేజీని డేటా సేవర్ ఉన్న బ్రౌజరులో తెరవండి. నెట్‌వర్క్ మార్చకుండా అదే పేజీని మామూలు బ్రౌజరులో తెరవండి. మొదటి దాంట్లో వేరే దేశమో, బ్రౌజరు కంపెనీ పేరో కనిపిస్తే మీ రాకపోకలు ప్రాక్సీ గుండా పోతున్నట్టే. అంతమాత్రాన విప్పుతున్నారని రుజువు కాదు. వీపీఎన్ (రాకపోకలన్నిటినీ వేరే సర్వర్ గుండా పంపే యాప్) వాడినా చిరునామా మారుతుంది, కానీ మామూలుగా హెచ్‌టీటీపీఎస్ చెక్కుచెదరదు. అయితే పేజీని కుదించే బ్రౌజరు విషయంలో విప్పుతోందనే అనుకుని నడుచుకోండి. లాగిన్ అవసరమైన ప్రతి పనికీ కుదింపు లేని బ్రౌజరును విడిగా పెట్టుకోవడం మేలు. వార్తలు చదవడానికి డేటా సేవర్ నిక్షేపంగా వాడుకోవచ్చు.

అంతకన్నా ప్రమాదకరమైనది రూట్ సర్టిఫికెట్. సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్లలో వేటిని నమ్మాలో ఫోను దీన్ని బట్టే తేల్చుకుంటుంది. ‘వైఫై పనిచేయాలంటే ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయండి’ అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అది ఒకసారి ఫోనులో చేరిందంటే, దాన్ని ఇచ్చినవారు నెట్‌వర్క్ మధ్యలో కూర్చుని ఏ సైటు పేరుతోనైనా నకిలీ సర్టిఫికెట్ చూపించగలరు. బ్రౌజరు హెచ్చరించదు, తాళం గుర్తు యథాతథంగా కనిపిస్తుంది. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం ప్రజల చేత ఇలాంటిదే ఇన్‌స్టాల్ చేయించబోతే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఆ సర్టిఫికెట్‌ను అడ్డుకున్నాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భద్రత విభాగం తెరిచి, వినియోగదారు చేర్చిన సర్టిఫికెట్ల జాబితా చూడండి. మీరు ఎరగనిది ఉంటే తీసేయండి. ఆఫీసు ఇచ్చిన ఫోనైతే అది వారే పెట్టి ఉండవచ్చు, అందులో సొంత బ్యాంకు పనులు చేయకండి.

ఉచిత వీపీఎన్ కూడా మధ్యవర్తే. హెచ్‌టీటీపీఎస్ లోపలి మాట దానికి తెలియకపోయినా, మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో తెలుస్తుంది. ఫేస్‌బుక్‌కు చెందిన ఒనావో అనే వీపీఎన్ యాప్ ఇలాగే వాడకం వివరాలు సేకరించింది. 2018లో ఆపిల్ అభ్యంతరంతో అది యాప్ స్టోర్ నుంచి వైదొలగింది. బ్రౌజరులోని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్ విండో) వీటిలో దేన్నీ ఆపదు, ఫోనులో చరిత్ర మిగల్చదు, అంతే.

ఇప్పటికే పేజీలను కుదించే బ్రౌజరులో లాగిన్ అయి ఉంటే, మామూలు బ్రౌజరులో పాస్‌వర్డు మార్చి, ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి. పాస్‌వర్డు ఒక్కటే మారిస్తే చాలదు, పాత కుకీ (మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న సమాచారం) చెల్లుతూ ఉంటే ఆ ఖాతా ఇంకా తెరుచుకునే ఉంటుంది.