తుపాన్ల నెలలకు ముందే సొసైటీ పుస్తకాలు సర్దుకోండి

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, బుడమేరు విజయవాడను ముంచింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వరిని నేలకు వాల్చింది. పొలం పోయిన ప్రతిచోటా అప్పిచ్చిన సంస్థకూ గండి పడినట్టే.

రాష్ట్రంలోని 4 గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటయ్యాయి కాబట్టి, డెల్టాలో పోయింది రాయలసీమ వసూళ్లతో కొంత సర్దుకోవచ్చు. జిల్లా సహకార బ్యాంకుకు (డీసీసీబీ) ఆ వెసులుబాటు లేదు. కాలవ కింది సొసైటీకి, అంటే ఊళ్లోని వ్యవసాయ సహకార పరపతి సంఘానికి, అసలే లేదు: బాకీదారులు, డిపాజిటర్లు, తాకట్టు పొలాలు అన్నీ ఒకే గట్టు పక్కన. వసూళ్లు ఆగిన వారమే డిపాజిట్లు తీసుకోడానికి వరస కడతారు.

జనరేటరు మేడ మీదికి, బంగారం సంచులు పై అరల్లోకి... ఇవి అందరికీ తెలిసినవే. సొసైటీని నిలువునా ముంచేది బుక్ అడ్జస్ట్‌మెంట్. పంట పోయిన రైతు 2 లక్షల బాకీ, 14 వేల వడ్డీ కట్టినట్టు రసీదు రాసి, అదే రోజు 2,14,000 కొత్త అప్పు రాసేస్తారు. పైసా చేతులు మారదు. పుస్తకంలో వసూలు నూరు శాతం, రాని వడ్డీకి లాభం. రైతుకేమో మళ్లీ నాట్లకు రూపాయి ఉండదు. రెండో వరదతో దాచినదంతా ఒక్కసారే మొండిబాకీగా తేలుతుంది.

దీనికి సరైన దారి ఉంది. పంట నష్టం 33 శాతమో అంతకు మించో ఉండి ప్రభుత్వం విపత్తు ప్రకటిస్తే, అప్పటిదాకా సక్రమంగా ఉన్న పంట రుణాన్ని టర్మ్ రుణంగా (కొన్నేళ్ల వాయిదాల్లో తీర్చేదిగా) మార్చి, కొత్త పంట రుణం ఇవ్వొచ్చు. ప్రకటన కాపీ ఫైల్లో ఉండాలి. బుక్ అడ్జస్ట్‌మెంట్ చేస్తే రైతుకు ఈ మేలు దక్కదు.

ఇక మిగతావి. ఏ డ్రెయిన్ (మురుగు కాలవ) పొంగితే ఎన్ని లక్షల బాకీ మునుగుతుందో జూలైలోనే పట్టిక తీయండి. పంట బీమా ప్రీమియం కోసి ఊరుకోవద్దు. బీమా పోర్టల్‌లో ఊరు, సర్వే నంబరు, పంట తప్పు పడితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. అప్పు తీసుకున్న వ్యాపారి సరుకు బీమా పాలసీలో వరద కవరు తీసేశారేమో చదవండి. డిపాజిటర్లు వరస కడితే తెచ్చుకునే నగదు పరిమితి డీసీసీబీతో ముందే రాయించుకోండి. 5 లక్షల డిపాజిట్ బీమా డీసీసీబీకి ఉంది, సొసైటీకి లేదు. డబ్బు వేసేవాళ్లకు ఆ మాట చెప్పండి. మహాజన సభలో వసూలు శాతం బాగా కనపడాలని బుక్ అడ్జస్ట్‌మెంట్ చేయొద్దు. మార్చి 31న చేయొద్దు. ఛైర్మన్ చెప్పినా చేయొద్దు. రసీదు పుస్తకం తాళం కార్యదర్శి దగ్గరే ఉంచండి.