జర్మనీ ముందస్తు ఎన్నికల ఫలితాలు ఎలా చూడాలి: 2025 ఫిబ్రవరి లెక్కలతో

మన అలవాటు ప్రకారం "ఎవరు లీడింగ్" అని చూస్తూ కూర్చుంటే జర్మనీ ఎన్నికల్లో అసలు కథ మిస్ అయిపోతారు. మొదటి స్థానం ఎవరిదో చాలాసార్లు ముందే తెలిసిపోయి ఉంటుంది. ప్రభుత్వం ఎవరిదో తేల్చేది, సభలోకి రావడానికి కావాల్సిన 5 శాతం ఓట్ల గీత దగ్గర కొట్టుమిట్టాడే చిన్న పార్టీలు.

ముందు ఎన్నిక ఎలా వచ్చిందో తెలుసుకోండి. తెలంగాణలో 2018 సెప్టెంబరులో కేసీఆర్ కేబినెట్ తీర్మానం చేసి అదే రోజు అసెంబ్లీని రద్దు చేయించారు కదా, జర్మనీ చాన్సలర్‌కి (మన ప్రధాని లాంటి పదవి) ఆ సౌకర్యం లేదు. ఆయన పార్లమెంటులో, అంటే బుండెస్టాగ్‌లో, విశ్వాస పరీక్ష పెట్టి ఓడిపోవాలి. అప్పుడు అధ్యక్షుడు 21 రోజుల్లోపు సభను రద్దు చేయవచ్చు, చేస్తే 60 రోజుల్లో ఎన్నిక. 2024 నవంబరు 6న చాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఆర్థిక మంత్రి క్రిస్టియన్ లిండ్నర్‌ని తీసేయడంతో మూడు పార్టీల సంకీర్ణం కూలిపోయింది. డిసెంబరు 16న విశ్వాస పరీక్షలో షోల్జ్‌కి 207 ఓట్లు, వ్యతిరేకంగా 394. ఓడిపోవడం కోసమే పెట్టిన పరీక్ష కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. 27న సభ రద్దు, ఫిబ్రవరి 23న పోలింగ్.

ఇక బ్యాలెట్. ఒకే కాగితం మీద రెండు ఓట్లు ఉంటాయి: ఎడమవైపు నియోజకవర్గ అభ్యర్థికి, కుడివైపు పార్టీకి. సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లో తేల్చేది రెండోదే, కాబట్టి టీవీలో కనిపించే శాతాలన్నీ దానివే. 2023లో మార్చిన చట్టం ప్రకారం సీట్లు 630 దాటవు. అందుకని తన నియోజకవర్గంలో మొదటి స్థానంలో నిలిచినా, పార్టీ ఓట్ల వాటా సరిపోకపోతే ఆ అభ్యర్థి సభలో అడుగుపెట్టలేడు. 2025లో అలా 23 మంది బయటే ఉండిపోయారు. గెలిచి కూడా ఇంట్లో కూర్చోవడం అంటే మనవాళ్లకి ఒక పట్టాన మింగుడుపడదు.

పోలింగ్ సాయంత్రం 6కి ముగుస్తుంది, ఫిబ్రవరిలో అయితే మనకి రాత్రి పదిన్నర. సరిగ్గా అప్పుడే ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ చానెళ్లలో ఎగ్జిట్ పోల్ వస్తుంది, దాన్ని "ప్రోగ్నోజె" అంటారు. ఆ తర్వాత నిజంగా లెక్కపెట్టిన ఓట్లను కలుపుతూ వచ్చే అంచనాలు "హోఖ్‌రెష్‌నుంగ్". ఈవీఎంలు లేవు, అంతా కాగితమే, ఎక్కడి ఓట్లు అక్కడే అదే రాత్రి చేత్తో లెక్కపెడతారు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకి ఒక మాట: పౌరసత్వం లేకపోతే ఓటు లేదు గానీ, కౌంటింగ్ ఎవరైనా వెళ్లి చూడొచ్చు. సందడి చేయకుండా ఓ మూల నిలబడితే చాలు.

అసలు లెక్క ఇక్కడుంది. 630 సీట్లలో మ్యాజిక్ ఫిగర్ 316. 5 శాతం రాని పార్టీకి, మూడు నియోజకవర్గాలైనా గెలవకపోతే, ఒక్క సీటు కూడా రాదు (డేనిష్ మైనారిటీల పార్టీకి మాత్రం మినహాయింపు, దానికి ఒక సీటొచ్చింది). గీత దాటని పార్టీల ఓట్లు పక్కకి పోతాయి కాబట్టి మిగిలినవాళ్లకి 50 శాతం రాకపోయినా మెజారిటీ వచ్చేస్తుంది. సంప్రదాయవాద కూటమి సీడీయూ-సీఎస్‌యూకి 28.5 శాతంతో 208 సీట్లు, తీవ్ర రైటిస్టు పార్టీ ఏఎఫ్‌డీకి 20.8తో 152, షోల్జ్ పార్టీ ఎస్‌పీడీకి 16.4తో 120, గ్రీన్స్‌కి 85, లెఫ్ట్ పార్టీకి 64. ఏఎఫ్‌డీతో పొత్తు పెట్టుకోబోమని మిగతావాళ్లంతా ముందే చెప్పేశారు, కాబట్టి కూడికలో ఆ 152ని పక్కన పెట్టేయండి. 208, 120 కలిపితే 328. సరిపోయింది, కానీ ఎంత అంచున? బీఎస్‌డబ్ల్యూ అనే కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయింది. ఇంకో తొమ్మిదిన్నర వేల ఓట్లు పడి ఉంటే అది సభలోకి వచ్చేది, ఈ రెండు పార్టీల మెజారిటీ పోయేది, మూడో పార్టీ కాళ్లు పట్టుకోవాల్సి వచ్చేది. ఆ రాత్రి నిద్ర మానుకుని చూడాల్సింది ఈ ఒక్క అంకెనే.

ఫలితం రాగానే టీవీ కట్టేయకండి. కొత్త సభ మొదటిసారి కూర్చునేదాకా పాత సభకే అధికారం ఉంటుంది. రాజ్యాంగ సవరణకి మూడింట రెండొంతుల మంది కావాలి, కొత్త సభలో ఏఎఫ్‌డీ, లెఫ్ట్ కలిస్తే అడ్డుకోగలవు. అందుకే అప్పుల పరిమితిని సడలించే సవరణని మార్చి 18న పాత సభలోనే గబగబా పాస్ చేయించుకున్నారు. చట్టబద్ధమే, కానీ చూడ్డానికి బాగోలేదు.

చివరగా చాన్సలర్ ఎన్నిక. అది రహస్య ఓటింగ్. మే 6న సీడీయూ నేత ఫ్రీడ్రిష్ మెర్జ్‌కి 328 మంది ఉండి కూడా మొదటి రౌండులో 310 ఓట్లే పడ్డాయి. యుద్ధం తర్వాతి జర్మనీలో ఇలా జరగడం అదే మొదటిసారి. అదే రోజు మళ్లీ ఓటింగ్ పెడితే 325తో గట్టెక్కాడు. అంటే కనీసం 18 మంది సొంతవాళ్లే మొదట హ్యాండిచ్చారు, ఎవరో మాత్రం బయటికి రాలేదు.