బోరు స్టార్టరు పట్టుకుంటే ఐసీడీ షాక్ కొట్టిందా? ముందు ఎర్తింగ్ చూడండి

ఐసీడీ అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసేందుకు ఒంట్లో అమర్చే చిన్న పరికరం. అది ఉన్నవాళ్లకు దడ, కళ్లు తిరగడం లాంటివేమీ లేకుండానే, స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేసినప్పుడో హీటర్ రాడ్ పెట్టిన బకెట్లో నీళ్లు ముట్టుకున్నప్పుడో ఉన్నట్టుండి ఐసీడీ షాక్ కొడితే కరెంటు లీకేజీని అనుమానించాలి.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లీకైన కరెంటు తడి చేతిగుండా ఒంట్లోకి పాకితే గుండెలోని లీడు (ఐసీడీ నుంచి గుండెకు వెళ్లే తీగ) ఆ ఊపునూ పట్టేస్తుంది. పరికరం దాన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె కింది గదులు లయ తప్పి ఊరికే వణికే ప్రాణాపాయ స్థితి) అనుకుని షాక్ ఇస్తుంది. చేతికి జిల్లుమనకపోయినా ఇలా జరగొచ్చు. ఇంట్లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోలేదు కదా అని ధీమా వద్దు. ఐసీడీని మోసం చెయ్యడానికి అంతకన్నా చాలా తక్కువ కరెంటు చాలు.

షాక్ కొట్టగానే చెయ్యి వదిలి పొడి చోటికి జరగండి. చెయ్యి అతుక్కుపోతే పక్కవాళ్లు ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. ఒక్కసారే కొట్టి మామూలుగా ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యండి. మళ్లీ కొట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, స్పృహ తప్పినా 108కి చెయ్యండి. కరెంటు వల్లే అని మీకు మీరే తేల్చుకుని ఊరుకోవద్దు, అది నిజమైన ఫిబ్రిలేషనే కావచ్చు.

టైము నిమిషంతో సహా రాసుకోండి. ఏం పట్టుకున్నారు, కాళ్లకు చెప్పులున్నాయా, మోటారు ఆడుతోందా, ఇవన్నీ రాయండి. ఆసుపత్రిలో ప్రోగ్రామరుతో (ఐసీడీలో నమోదైన రికార్డు చదివే యంత్రం) చూసినప్పుడు ఆ టైముకు మామూలు గుండె కొట్టుకోవడం మీద కంచెలా దట్టమైన గీతలు ఒకే తీరుగా కనిపిస్తే అది బయటి కరెంటు. గీతలు తెగి తెగి వస్తూ, లీడు ఇంపిడెన్స్ (కరెంటుకు తీగలో ఉండే నిరోధం) కూడా మారి ఉంటే లీడు విరిగిందేమో చూడాలి. దానికి దారి వేరు.

ఇక చేను దగ్గర. అనంతపురం, కడప ఎండలకు ఎర్తింగ్ గుంత ఎండిపోతే మట్టి కరెంటును లాక్కోదు. వేసవిలో గుంతకు తరచుగా నీళ్లు పోయండి, ఎర్త్ తీగ తుప్పుపట్టిందేమో చూడండి. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో 500 వోల్టుల మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. 1 మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే కేబులు జాయింటో మోటారో పాడైనట్టే, పైకి తీయించాలి. ఇంట్లో రాడ్ ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోండి. వాషింగ్ మెషీన్‌కు ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి.

వెల్డింగ్ పనీ, ఫిజియోథెరపీలో నొప్పికి పెట్టే కరెంటు ప్యాడ్లూ డాక్టరును అడగకుండా వద్దు.

రిపేరు అయ్యేదాకా ఆ స్టార్టరును ఎవరూ ముట్టుకోకూడదు.