పాత అమెరికన్ ఫ్లాస్కు కొనేటప్పుడు ముందుగా అడుగు చూడండి

19వ శతాబ్దపు తొలి సగంలో అమెరికాలో విస్కీ కోసం తయారైన గాజు ఫ్లాస్కులను, అంటే ఒక వైపు జార్జ్ వాషింగ్టన్ ముఖం, మరో వైపు గద్ద ఉబ్బెత్తుగా కనిపించే చదునైన సీసాలను, సేకరించదలచినవారు బొమ్మ కన్నా ముందు అడుగును పరిశీలించాలి. సుమారు 1860కి ముందు సీసా అడుగును ఇనుప కడ్డీకి అంటించి, మూతి సరిచేశాక విరిచి వేరుచేసేవారు కనుక, అక్కడ వేలికి గరుకుగా తగిలే మచ్చ మిగిలేది. అయితే ఈ మచ్చ ఒక్కటే ఆధారం కాదు. న్యూజెర్సీలోని క్లేటన్‌లో క్లెవెంజర్ సోదరులు 1930ల నుంచి పాత ఫ్లాస్కులను పోలేలా నోటితో ఊది చేయించిన నకళ్లలోనూ అది ఉండవచ్చు.

అందుకే భూతద్దం పట్టుకుని అరుగుదలను చూడండి. ఏళ్ల తరబడి బల్లల మీద జరిగిన సీసాకు, నేలను తాకే అంచు మీద మాత్రమే, సన్నని గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడతాయి. గరుకు కాగితంతో రుద్దినవైతే ఒకే దిక్కున సాగుతాయి, బల్లను తాకే వీలులేని పల్లంలోనూ కనిపిస్తాయి. లేత నీలి ఆకుపచ్చ సీసాలు ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి ముదురు నీలం, ఊదా రంగులకు ధర బాగా పలుకుతుంది. నా మటుకు, ఆ రంగులు చూసినప్పుడే మరింత అనుమానించాలి. కడగాలంటే గోరువెచ్చని నీళ్లే వాడండి, మరిగే నీళ్లు పోస్తే పాత గాజు చిట్లవచ్చు.