స్వీడన్‌లో అధికారంతోను, ఇరుగుపొరుగుతోను మెలగడం: కొత్తగా వచ్చినవారికి సూచనలు

స్వీడన్‌కు ఉద్యోగానికో చదువుకో వచ్చిన తెలుగువారికి మొదటి వారంలోనే ఇబ్బంది ఎదురయ్యేది పిలుపు దగ్గర. మేనేజరునైనా, ప్రొఫెసరునైనా, డాక్టరునైనా ఇక్కడ పేరు పెట్టి పిలుస్తారు, "దు" అంటారు. అంటే "నువ్వు" అన్నమాట. ఇది అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. ఒకప్పుడు ఇక్కడా మనిషిని హోదాతోనే సంబోధించేవారు. 1967లో ప్రభుత్వ వైద్య మండలికి అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ తన సిబ్బంది అందరినీ "దు" అనే పిలుస్తానని ప్రకటించిన తరువాత ఆ మార్పు ఊపందుకుంది. రాజుగారికి మాత్రం నేటికీ మినహాయింపు ఉంది. మీరు అలవాటు కొద్దీ "సార్" అంటే ఎవరూ కోప్పడరు గాని, అవతలివారు కాస్త ఇబ్బందిగా నవ్వుతారు.

అయితే పేరుతో పిలిచినంత మాత్రాన పై అధికారి పై అధికారి కాకుండా పోడు. "వీలైతే దీన్ని ఒకసారి చూడగలవా" అని ఆయన మెల్లగా అన్నప్పుడు, చాలాసార్లు అది ఆజ్ఞే. కొత్తవారు దాన్ని తీరిక ఉన్నప్పుడు చేసే పనిగా లెక్కవేసి చిక్కుల్లో పడుతుంటారు. అలాగే, పెద్దల ముందు మౌనంగా ఉండడం మనకు వినయం కావచ్చు గాని, ఇక్కడి సమావేశాల్లో ఆ మౌనాన్ని అంగీకారంగానే తీసుకుంటారు. అందరి అభిప్రాయమూ విని నిర్ణయానికి రావడం ఇక్కడి పద్ధతి కనుక, అభ్యంతరం ఏదైనా ఉంటే అప్పుడే చెప్పాలి. నిర్ణయం అయిపోయాక కారిడార్‌లో చెబితే ఎవరికీ నచ్చదు.

ప్రభుత్వ కార్యాలయాల విషయంలో మన అనుభవం అక్కరకు రాదు. మన ఊళ్లలో పని కాకపోతే ఎమ్మెల్యే దగ్గర సిఫారసు లేఖ కోసం వెళ్తాం. స్వీడన్‌లో ఒక వ్యక్తి దరఖాస్తుపై శాఖ ఎలా నిర్ణయించాలో మంత్రి సైతం చెప్పకూడదని రాజ్యాంగమే నిషేధించింది. కాబట్టి నివాస అనుమతి ఆలస్యమైనా, తిరస్కరణకు గురైనా తెలిసినవారి కోసం వెతకడం వృథా. నిర్ణయపత్రంతో పాటు వచ్చే అప్పీలు సూచనలను గడువులోగా అనుసరించడమే మార్గం. పని అయిందన్న సంతోషంతో ఉద్యోగికి మిఠాయి పెట్టె ఇవ్వబోకండి, అది వారికే ఇరకాటం.

1766 నాటి పత్రికా స్వేచ్ఛా చట్టం నుంచి ఇక్కడ ప్రభుత్వ పత్రాలు బహిరంగం. మీరు కమ్యూన్‌కు (అంటే స్థానిక పురపాలక సంస్థకు) రాసిన ఉత్తరాన్ని, రహస్యంగా ఉంచాల్సిన సమాచారం అందులో లేకపోతే, ఎవరైనా అడిగి చదవవచ్చు. పక్కింటివారు ఎంత ఆదాయం చూపారో పన్నుల శాఖను అడిగి తెలుసుకోవచ్చు. 1995లో ఉప ప్రధానిగా ఉన్న మోనా సాలిన్ అధికారిక కార్డుతో సొంత వస్తువులు కొన్నారని బయటపడింది. వాటిలో టోబ్లరోన్ చాక్లెట్లు ఉండడంతో ఆ వ్యవహారానికి ఆ పేరే స్థిరపడింది. అప్పటికి కాబోయే ప్రధానిగా పేరు వినిపిస్తున్న ఆమె పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది.

రాజకీయాలు మీకు సంబంధం లేనివని అనుకోకండి. పౌరసత్వం లేకపోయినా, పోలింగ్ నాటికి వరుసగా 3 ఏళ్లు ఇక్కడి జనాభా నమోదులో ఉండి, 18 ఏళ్లు నిండినవారికి కమ్యూన్, ప్రాంతీయ ఎన్నికల్లో ఓటు ఉంటుంది. పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం పౌరులకే. ఎన్నికలు నాలుగేళ్లకోసారి సెప్టెంబరు రెండో ఆదివారం జరుగుతాయి. ఆ ముందు వారాల్లో కూడళ్లలో పార్టీలు చిన్న చెక్క గుడిసెలు వేస్తాయి. వెళ్లి బడి గురించో బస్సుల గురించో నిలదీసి అడగవచ్చు. కాని టీ కొట్టు దగ్గర అడిగినట్టు సహోద్యోగిని "ఏ పార్టీకి వేశావు?" అని మాత్రం అడగకండి.

ఇరుగుపొరుగుతో తగవు వచ్చేది ఎక్కువగా ఉమ్మడి బట్టలుతుకు గదిలోనే. అక్కడ మీరు ముందుగా కేటాయించుకున్న సమయం దాటితే తలుపు కొట్టి అడగరు, గోడకు చీటీ అంటిస్తారు. దాన్ని అవమానంగా తీసుకోకుండా, తరువాతిసారి పది నిమిషాల ముందే బట్టలు తీసి, ఆరబెట్టే యంత్రం జల్లెడలోని నూగు కూడా తుడిచి రండి.